బిడ్డ యెఱిగినదే పాఠమునకు పునాది

పిల్లలకు ఇంటియొద్ద పాఠములు చెప్పించు ఆచారము మన నరసరావుపేటలో బాగుగా పాతుకొన్నది. రుసుమెంత, ఎన్ని గంటలు చెప్పుదురు, ఎన్ని పుటలు ముగింతురు అని తల్లులు విచారింతురు. మా బిడ్డ యేమి యెఱుగును, ఎచట జంకుచున్నది అని ఆ ఉపాధ్యాయుడు విచారించునా యని అడుగువారు మాత్రము అరుదు. నేను బడిపంతులు భార్యను. నలువదిమంది గల తరగతిలో మా వారు ఒక్కొక్క బిడ్డకడ నిలువగోరినను గంట నిలువనీయదు. ఇంటి పాఠమునకు ఆ చిక్కు లేదు. అచటను తరగతిగదినే ప్రతిష్ఠించినచో లాభమేమి?

మా వీధిలో మిరప పండించు ఒక రైతు కూతురు ఏడవ తరగతిలో దశాంశములకడ ఆగిపోయినది. "లెక్కలు రాని పిల్లకు చదువెందుకు? పొలానికొస్తే ఒక చెయ్యి సాయమన్నా అవుతుంది" అని నాయనమ్మ తీర్మానించినది. తల్లి కడపటి ప్రయత్నముగా ఒక వృద్ధ పంతులమ్మగారిని కుదిర్చినది. ఆమె తొలినాడు పుస్తకమే విప్పలేదు. నేనును ఆ యరుగుమీదనే యుంటిని.

"కల్లంలో నీ పనేమిటమ్మా?"

"బస్తాలు లెక్కపెడతానండీ. నిన్న పద్దెనిమిది. బస్తాకు నలభై కిలోలు. మొత్తం ఏడు క్వింటాళ్ల ఇరవై కిలోలు" అని పిల్ల తడుముకొనక చెప్పెను.

పంతులమ్మగారు పలకపై 7.20 అని వ్రాసి, "నువ్వు చెప్పిందే ఇది. మరి ఏడు క్వింటాళ్ల అయిదు కిలోలైతే?" అనిరి. పిల్ల 7.5 అని వ్రాసెను. ఆమె తప్పనలేదు. "కొనేవాడు దీన్నెలా చదువుతాడు?" అని మాత్రమే యడిగిరి. పిల్ల క్షణమాలోచించి, "అమ్మో! ఏడున్నర క్వింటాళ్లంటాడు. నలభై అయిదు కిలోలు ఎక్కువ రాశాను!" అని నవ్వుచు, తుడిచి 7.05 అని దిద్దెను. నేడు ఆ యింటి తూకముల పద్దు ఆ పిల్లయే వ్రాయుచున్నది. బడి మాన్పించు మాట మరల వినబడలేదు.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా, సవరల బిడ్డలకు చదువు చెప్పగోరి, ఆ భాష యెఱిగిన యొకనిని ఇంట నుంచుకొని ముందుగా తామే సవర నేర్చిరి. పిదప ఆ భాషలో వాచకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టిరి. బిడ్డ గురువు భాషలోనికి వచ్చుటకు మున్ను గురువే బిడ్డ భాషలోనికి నడచెను. ప్రాచీన గ్రంథములతో పెరిగిన నేను ఆయన వాడుకభాషా వాదమునకు అన్నిట తలయూపకున్నను, ఈ పనికి చేతులెత్తి మ్రొక్కుదును.

బిడ్డ యిచ్చ వచ్చినట్లు పోనిచ్చుట దీని యర్థము కాదు. మా నాయనగారు నాచే అమరము వల్లె వేయించిరి. ఆ ధారణ నాకు నేటికిని తరుగని ధనమే. బస్తాలతో మొదలిడిన పంతులమ్మగారును బస్తాలకడనే నిలువక, జ్వరమాని గీతలకును, వడ్డీ లెక్కలకును పిల్లను నడిపించిరి. కారంపూడి వీరుల తిరునాళ్ల చూచిన బిడ్డకు పల్నాటి చరిత్రమును ఆ గుడి వాకిటినుండి చెప్పవచ్చును; కాని వాకిటనే విడువరాదు.

కావున, అమ్మలారా, సాయంకాలము పాఠము ముగిసినపిమ్మట "ఎన్ని పుటలైనవి?" అని యడుగుటకు ముందు, "ఈనాడు నీవేమి యడిగితివి?" అని బిడ్డను ప్రశ్నింపుడు. నెల దినములైనను దానికి బదులు రానిచో, మార్చవలసినది బిడ్డను కాదు.