మూడుపాయల జడ

ఎముక అంటే మనకు సున్నం. మోకాళ్ళు పట్టేసిన ప్రతి పెద్దావిడా "ఒంట్లో సున్నం తగ్గిందిట" అనే చెబుతుంది. డాక్టరుగారు కాల్షియం బిళ్ళలు రాస్తారు, పాలబ్బాయి మరో అరలీటరు ఎక్కువ పోస్తాడు, అక్కడితో ఎముకల సంగతి తీరిపోయినట్టే.

నాకు మాత్రం తీరలేదు. పోయినేడు ఎముకల పరీక్ష చేయిస్తే మైనస్ 2.6 అని వచ్చింది. మైనస్ 2.5కి చేరితేనే ఆస్టియోపొరోసిస్ అంటారు. అంటే నేను గడప దాటి ఒక కాలు అవతల పెట్టానన్నమాట. మా అమ్మ స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి, మంచం ఎక్కిన మనిషి మళ్ళీ దిగలేదు. అందుకని ఆ అంకె రాత్రిళ్ళు నా పక్కనే పడుకునేది.

మా చెల్లెలి కూతురికి ప్రయోగశాలలో ఇదే పని. ఎముకను కట్టే కణాలను గిన్నెల్లో పెంచుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకు కూచున్నాను.

"పెద్దమ్మా, ముందు నేత, తర్వాతే సున్నం. నేత లేకపోతే సున్నం దేన్ని పట్టుకుని నిలుస్తుంది చెప్పు?" అంది.

ఆ నేత పేరు కొలాజెన్. కోడి ఎముకను వినిగర్‌లో కొన్నాళ్ళు నానేస్తే సున్నమంతా కరిగిపోయి, ఎముక రబ్బరులా వంగుతుందిట. అలా మిగిలేది చాలావరకు కొలాజెనే. ఎముకలో ఉండే మాంసకృత్తుల్లో నూటికి తొంభైవంతులు అదే.

దాని రూపం వింటే మీకూ నవ్వొస్తుంది. అచ్చం మూడుపాయల జడ! ఆ సంగతి కనిపెట్టింది కూడా ఎక్కడో కాదు, మద్రాసులో. మనవాళ్ళు మద్రాసు వదిలి కర్నూలు చేరిన మరుసటేడు, 1954లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే ఇద్దరు ఈ మాట ప్రకటించారు. వాళ్ళు పరీక్షకు వాడింది కంగారూ తోకలోని నరంలాంటి తాడట! ఏ తోకలో ఏ జడ దాగుందో ఎవరికి తెలుసు.

అయితే కణం జడల్లే పద్ధతి వేరు. మనం మాడు దగ్గర మొదలుపెట్టి కొసన రిబ్బను కడతాం. కణమేమో మూడు పాయల కొసలూ ముందు ముడేసి, అక్కణ్ణించి పైకి అల్లుకొస్తుంది. ఒక్కో పాయలో వెయ్యికి పైగా పూసలు, ప్రతి మూడో పూసా అన్నిటికన్నా చిన్నది. చిన్నది కాకపోతే పాయలు దగ్గరగా బిగియవు. రెండు చివర్లా కుచ్చులుంటాయి. జడ కణంలోంచి బయటికొచ్చాక ఆ కుచ్చులు కత్తిరిస్తేగానీ పక్కజడలతో కలిసి తాడవదు. లోపలే తాడైపోతే కణం గతేం కాను? ఎవరు నేర్పారో గానీ, ముందుచూపు మెచ్చుకోవాలి.

మా పిల్ల పెంచే కణాలు ఎలుకపిల్ల పుర్రె ఎముకలోంచి వచ్చిన సంతతి. 1980ల మొదట్లో జపానువాళ్ళు నిలబెట్టిన వంశం. పేరు ఎంసీ3టీ3-ఈ1, రైలు నంబరులా! అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ గిన్నె, అందులో రోజామిల్కులాంటి గులాబీరంగు నీళ్ళు, 37 డిగ్రీల వెచ్చని పెట్టె. ఆ నీళ్ళలో నూటికి పదివంతులు పుట్టని దూడ నెత్తురులోంచి తీసిన సీరం పోస్తారట. ఆ మాట చెప్పేటప్పుడు దాని గొంతు తగ్గింది. నాకు ఆ పూట పెరుగన్నం సయించలేదు. బదులు వస్తువులు వస్తున్నాయట గానీ, ఇంకా చాలాచోట్ల అదే వాడుక.

ఫోనులో రెండు గిన్నెల ఫోటోలు చూపించింది. రెండింటిలోనూ అవే కణాలు, అదే తిండి. ఒకదాంట్లో మాత్రం విటమిన్ సి కలిపింది, రెండోదాంట్లో కలపలేదు. కొలాజెన్‌కి పట్టే ఎర్రరంగు వేస్తే మొదటి గిన్నె నిండా కుంకుమ చల్లినట్టు పోగులు. రెండోది వెలవెలబోతోంది. కణాలున్నాయి, నేత లేదు! విటమిన్ సి లేకపోతే కొన్ని పూసలకు పట్టాల్సిన మెరుగు పట్టదు. ఆ మెరుగు లేని జడ 24 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. మన ఒంటి వేడి 37 కదా, ఇంక నిలిచేదెక్కడ? పూర్వం ఓడల్లో నావికుల చిగుళ్ళు కారడం, మానిన గాయాలు మళ్ళీ విచ్చుకోవడం ఇందుకే. ఎలుక తనకు కావలసిన సి విటమిన్ తన కాలేయంలోనే చేసుకుంటుంది. ఆ భాగ్యం మనకు లేదు, ఉసిరికాయో నిమ్మకాయో తినాల్సిందే. పుట్టిల్లు వదిలి గిన్నెలోకొచ్చిన ఈ ఎముక కణాలకూ లేదు.

నేత కుదిరిన గిన్నెలో ఫాస్ఫేటు కూడా అందిస్తే, మూడు వారాలకు ఆ పోగుల మీద సున్నం గింజలు గింజలుగా పేరుకుంటుంది. నేత లేని గిన్నెకు ఎంత పోసినా ఎముక లేదు.

"అయితే ఎదురింటావిడ తాగే కొలాజెన్ పొడి నేనూ తెచ్చుకోనా?" అన్నాను.

"జడను మింగితే జడ రాదు పెద్దమ్మా. కడుపులో ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని నీ కణాలే మళ్ళీ అల్లుకోవాలి. వాటి పొట్లాల మీద రాసినంత మాత్రం ఎవరూ రుజువు చెయ్యలేదు" అంది. ఆ డబ్బా ఖరీదు తెలుసు కనుక నాకు ప్రాణం కుదుటపడింది.

"పోనీ, నీ గిన్నెలో నాకో తుంటి ఎముక పెంచిపెట్టవే."

అది నవ్వలేదు. "అవి ఎలుకవి. పైగా గిన్నెలో వాటికి బరువు తెలీదు, నెత్తురు పారదు. నీ ఒంట్లో అల్లేవాటితోపాటు పాతనేత విప్పేవీ ఉన్నాయి. నెలసరి ఆగిపోయాక విప్పేవాళ్ళది పైచేయి అవుతుంది. నీ వారం బిళ్ళ వాటి చేతులు పట్టుకుంటుంది. నువ్వు నడిస్తే ఎముకలో కూరుకుపోయి ఉన్న కణాలకు ఆ బరువు తెలుస్తుంది."

వారం బిళ్ళంటే పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి, అరగంటసేపు పడుకోకుండా ఉండాల్సిన బిళ్ళ. ఆ అరగంటా ఇప్పుడు డాబామీద నడుస్తున్నాను. తడి ఉన్నచోట గోడ పట్టుకుని.

పిల్ల కనుమ మర్నాడే బయల్దేరింది. విటమిన్ సి ఆ వెచ్చదనంలో ఎక్కువసేపు నిలవదట, రెండుమూడు రోజులకోసారి గిన్నెల్లో నీళ్ళు మార్చాలి. స్నేహితురాలికి అప్పగించి వచ్చిందిగానీ, దాని మనసంతా అక్కడే. అరిసెల డబ్బా చంకన పెట్టుకుని, బస్సెక్కకముందే ఫోను చేసి అడుగుతోంది, "నిన్న మార్చావా లేదా?" అని.