రాత్రి పదకొండింటి బ్యాకప్

రోల్‌బ్యాక్ అంటే చాలా ఏళ్ళు నాకు 'ఆదిత్య 369'లో టైమ్ మెషీనే గుర్తొచ్చేది. కొత్త వెర్షన్ తేడా చేసిందా, మీట నొక్కు, పాతదానికి వెళ్ళిపో. ఆ భ్రమ ఒక ఆదివారం పొద్దున పోయింది.

అప్పట్లో మేం డయాగ్నస్టిక్ ల్యాబ్‌ల సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళం. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. 2023 అక్టోబర్‌తో దానికి సపోర్ట్ ఆగిపోతుంది కాబట్టి 8.0కి మారాలి. ప్లాన్ రాసింది నేనే. "సమస్య వస్తే ఏం చేస్తారు?" అన్న చివరి గడిలో రెండే ముక్కలు రాశాను: "బ్యాకప్ ఉంది." ఎవరూ ఇంకేం అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

శనివారం రాత్రి 11కి బ్యాకప్ తీశాం. ఒంటిగంటకి కొత్త సర్వర్ తెరిచాం. టెస్టులన్నీ పాసయ్యాయి. పొద్దున ఎనిమిదిన్నరకి గుంటూరు ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేసింది. "సార్, పోయిన నెల షుగరు ఈ నెల కింద ప్రింటవుతోంది."

వెంటనే రిపోర్టులు ఆపించాం. "కారణం తర్వాత చూద్దాం, ముందు పాతదానికి వెళ్ళిపో" అన్నాడు మేనేజర్. అప్పుడు చదివాను, ముందే చదవాల్సిన పేజీ. 8.0 ఒకసారి మార్చుకున్న డేటా ఫైళ్ళని 5.7 తెరవలేదు. వెనక్కి దారి రాత్రి 11 బ్యాకప్ ఒక్కటే. మరి పొద్దున్నే పరగడుపున వచ్చి రక్తమిచ్చి వెళ్ళినవాళ్ళ సంగతి? రాత్రి 11కి వాళ్ళెవరూ ఇంకా రాలేదు. ప్రోగ్రామ్ వెనక్కి వెళ్తుంది, మనుషులు వెళ్ళరు.

బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో 5.7 మీద నిలబెట్టి, కొత్త ఎంట్రీలు ఒక్కో టేబుల్ నుంచీ తీసి ఎక్కించాను. వాటికి టైము ఉంది, ఇబ్బంది లేదు. పాత ఎంట్రీల్లో పొద్దున దిద్దినవే దొరకలేదు. ఎప్పుడు దిద్దారో రాసుకునే కాలమ్ ఆ టేబుల్‌కి మేం పెట్టలేదు. సిగ్గు చంపుకుని ల్యాబ్‌లకి ఫోన్లు చేశాను. గుంటూరు అమ్మాయి తేలిగ్గా అంది: "నేను రిజిస్టర్‌లో కూడా రాసుకుంటాను సార్. చదవనా?" ఆమె చదివింది, నేను దిద్దాను. మా అసలు రోల్‌బ్యాక్ ప్లాన్ ఆ రిజిస్టరే. అది ఉందని కూడా మాకు తెలీదు.

కారణం మర్నాడు తెలిసింది. 5.7లో గ్రూప్ బై రాస్తే వరసలు వాటంతటవే క్రమంలో వచ్చేవి. 8.0 ఆ మర్యాద మానేసింది. మా కోడ్ ఎప్పుడూ అడక్కుండానే ఆ క్రమం మీద బతికింది. ఆర్డర్ బై అని ఒక్క లైను చేరిస్తే సరిపోయేది. పది నిమిషాలు ఆగి చూసి ఉంటే అసలు వెనక్కి వెళ్ళే పనే లేదు.

2012 ఆగస్టు 1న జెర్సీ సిటీలో నైట్ క్యాపిటల్ కథ ఇంతకంటే ఘోరం. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అందులో పడి ఉన్న పాత కోడ్ మేలుకుని పిచ్చి ఆర్డర్లు పెట్టింది. కంగారులో వాళ్ళు సరిగ్గా ఉన్న 7 సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఆ పాత కోడ్ అన్నిట్లోనూ లేచింది. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకి పైగా పోయాయి. పాతది అన్నంత మాత్రాన క్షేమం కాదు.

ఇప్పుడు నా పద్ధతి వేరు. కొత్త కాలమ్ చేర్చిన రోజే పాతది తీసెయ్యను, రెండు వెర్షన్లూ ఒకే డేటా మీద నడవగలిగేలా కొన్నాళ్ళు ఉంచుతాను. వెనక్కి రావడాన్ని నకలు సర్వర్ మీద ముందే చేసి చూసి, ఎంతసేపు పట్టిందో రాసుకుంటాను. ఏ క్షణం దాటితే తిరిగి రాలేమో, అప్పుడు నిర్ణయం ఎవరిదో ప్లాన్‌లో పెడతాను.

జూనియర్లు ఆ చివరి గడిలో "బ్యాకప్ ఉంది" అని రాస్తే వెనక్కి పంపి ఒకటే అడుగుతాను: బ్యాకప్ తీశాక వచ్చినవాళ్ళని ఏం చేస్తావు?