అసోసియేట్ డిగ్రీ అంటే.. ఇంటరా?

మన సాఫ్టువేరు జనాలకి అమెరికాలో చదువంటే ఎమ్మెస్, కాదంటే ఎంబీఏ. అదీ కుదరకపోతే ఆరువారాల టెస్టింగ్ కోర్సు. "మా ఆవిడ కమ్యూనిటీ కాలేజీలో రేడియోగ్రఫీ చదువుతోంది" అని చెప్పి చూడండి.. ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి, "ఓ.. నైస్" అంటారు. ఆ ఒక్క క్షణం గురించే నా గోలంతా.

"అసోసియేట్ డిగ్రీ అంటే మన ఇంటర్ లాంటిదా?" అని ఒకాయన అడిగారు. "ఈసీఈ చేసి ఎక్స్‌రేలు తియ్యడమేంటమ్మా" అని ఒక పెద్దావిడ, పాపం ప్రేమగానే. మనకి తెలిసిన ఎక్స్‌రే అబ్బాయి నర్సింగ్ హోం వెనక చీకటిగదిలో ఉంటాడు. అతని పేరు కూడా ఎవరూ అడగరు. ఇలాంటి వృత్తులన్నిటికీ కలిపి మన దేశంలో ఒక జాతీయ కమిషన్ కోసం చట్టం వచ్చిందే 2021లో. కాబట్టి వాళ్ళని అని లాభం లేదు.

ముందు ఆ "రెండేళ్ళ" సంగతి. కాగితం మీద రెండేళ్ళే. ప్రోగ్రాంలో అడుగు పెట్టాలంటే ముందు అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలూ ల్యాబులతో సహా, కాలేజీ ఆల్జీబ్రా, ఇంగ్లీషు కాంపోజిషన్, మెడికల్ టెర్మినాలజీ పూర్తి చెయ్యాలి. బీటెక్ పుణ్యమా అని లెక్కలొక్కటి మాఫీ అయ్యాయి, మిగతావన్నీ మొదటినుంచీ. ఆ గ్రేడ్లతో సీటుకి పోటీ. సీట్లు తక్కువుండేది క్లాసులో కుర్చీలు లేక కాదు. చుట్టుపక్కల ఆసుపత్రులు ఎంతమంది విద్యార్థులకి చోటివ్వగలిగితే అన్నే సీట్లు. తనకి మొదటిసారి రాలేదు, మరుసటేడు వచ్చింది. అంతా కలుపుకుంటే మన ఇంజనీరింగంత అయింది లెక్క!

సీటొచ్చాక కొన్ని రోజులు క్లాసు, కొన్ని రోజులు ఆసుపత్రిలో క్లినికల్. జీతం ఉండదు సరికదా, ఆ గంటలకి ఫీజు ఎదురు మనమే కట్టాలి. టీకాలు, సీపీఆర్ కార్డు, డ్రగ్ టెస్టు సరేసరి. తోటివాళ్ళలో హైస్కూలు అయ్యి వచ్చిన పిల్లలున్నారు, సైన్యంలో చేసి వచ్చినాయన ఉన్నాడు, రాత్రిళ్ళు హోటల్లో సర్వర్‌గా పనిచేసే ఇద్దరు పిల్లల తల్లి ఉంది. ఆ తల్లికే క్లాసులో మంచి గ్రేడ్లు.

ఇంట్లో నమూనా పేషెంటుని నేను. గోడకి ఛాతీ ఆనించి, గడ్డం పైకెత్తి, భుజాలు ముందుకి తొయ్యమంటుంది, రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీదకి రాకుండా అన్నమాట. ట్యూబుకీ డిటెక్టరుకీ మధ్య 72 అంగుళాల దూరం. ఒకసారి ఊపిరి తీసి వదిలి, రెండోసారి తీసి బిగబట్టాలి. ఇది పీఏ వ్యూ. అదే ముందునుంచి తీస్తే ఏపీ. (ఆంధ్రప్రదేశ్ కాదు :-)) ఏపీలో గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుందిట. "మనందరికీ అంతే కదా" అన్నాను. తనకి నవ్వు రాలేదు, మర్నాడు పరీక్ష మరి.

నాకు నిజంగా నచ్చింది ఇంకోటి. మనం ప్రొడక్షన్లో ఏదైనా పాడైతే రోల్‌బ్యాక్ అంటాం. మనిషి ఒంట్లోకి వెళ్ళిన డోసుకి రోల్‌బ్యాక్ లేదు. అందుకే ఫిల్ము సరిగా రాక రెండోసారి తియ్యాల్సి వస్తే, విద్యార్థికి అప్పటికి ఎంత పని వచ్చినా సరే, అర్హత ఉన్న రేడియోగ్రాఫర్ పక్కన నిలబడి ఉండాల్సిందే. మన కోడ్ రివ్యూలకి ఇందులో సగం నిష్ఠ ఉన్నా ఎంత బావుణ్ణో. ఇక పేషెంట్ల సంగతులు ఇంట్లో చెప్పదు. అడిగితే "హిపా" అంటుంది, అంతే.

సరే, ఎవరైనా ఈ దారిలో వెళ్దామనుకుంటే ఒక మాట. కాలేజీకి గుర్తింపు ఉంటే చాలదు, ఆ ప్రోగ్రాంకి విడిగా ఉండాలి. రేడియోగ్రఫీకైతే ముఖ్యంగా జేఆర్‌సీఈఆర్‌టీ గుర్తింపు చూడండి. ఏఆర్ఆర్‌టీ పరీక్ష రాయాలంటే గుర్తింపున్న ప్రోగ్రాం పూర్తి చెయ్యాలి, 2015 నుంచి కనీసం అసోసియేట్ డిగ్రీ కూడా ఉండాలి. పాసవడానికి స్కేల్డ్ స్కోరు 75, మూడేళ్ళలో మూడే ప్రయత్నాలు. గుర్తింపున్న ప్రోగ్రాం తన పాస్ శాతం, ఉద్యోగాల శాతం, ఎంతమంది చదువు పూర్తి చేశారన్నదీ బయటపెట్టి తీరాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు చూసి పెరిగినవాళ్ళకి ఇది వింతే.

అసలు చిక్కు వీసాది. హెచ్-4 మీద చదువుకోవడానికి ఎఫ్-1 అక్కర్లేదు, అక్కడిదాకా హాయి. ఉద్యోగం చెయ్యాలంటే మాత్రం ఈఏడీ కావాలి. 2015 మే నుంచి ఇస్తున్నారు, ముఖ్యంగా హెచ్-1 మీదున్న మొగుడికో పెళ్ళానికో ఐ-140 అయిపోయినవాళ్ళకి. రేడియోగ్రాఫర్ ఉద్యోగానికి అసోసియేట్ డిగ్రీ చాలు కాబట్టి, దాని మీద సొంతంగా హెచ్-1 రావడం దాదాపు అసాధ్యం. గ్రీన్ కార్డులో షెడ్యూల్ ఏ వెసులుబాటు నర్సులకీ ఫిజికల్ థెరపిస్టులకీ ఉంది, వీళ్ళకి లేదు. అంటే ఇంత కష్టపడి తెచ్చుకునే లైసెన్సు నా మెళ్ళో బ్యాడ్జీకి వేలాడుతోంది. మా కంపెనీలో ఈ ఏడు రెండుసార్లు జనాన్ని తీసేశారు. నా పేరు వస్తే 60 రోజుల గడువు. తను ఎఫ్-1కి మారొచ్చు, కానీ ఫీజు పెరుగుతుంది, ఈఏడీ పోతుంది. ఒక సెమిస్టరు తప్పితే మళ్ళీ ఆ క్లాసు వచ్చేది మరుసటేడే.

ఇదంతా లెక్కేసి "రిస్కు కదా, టెస్టింగ్‌లో పెట్టెయ్యకపోయావా" అన్నాడు మా స్నేహితుడు. లేని అనుభవం రెజ్యూమెలో రాయించి, ఇంటర్వ్యూకి వెనకాల ఇంకొకణ్ణి కూర్చోబెట్టే ఆ వ్యవహారంలో రిస్కు లేదనుకుంటున్నాడు కాబోలు. మా ఆవిడకి ఆ సలహా చేరవేస్తే, "ఆ ఉద్యోగంలో నేనేం చేస్తున్నానో నాకే తెలియదు, ఇక్కడ తెలుస్తుంది" అంది. నా దగ్గర జవాబు లేదు.

వచ్చేవారం నుంచి ఐసీయూలో పోర్టబుల్ రొటేషన్. కుడీ ఎడమా తెలియడానికి ఫిల్ము మీద పెట్టే సీసపు ఆర్, ఎల్ మార్కర్లు తన పేరు అక్షరాలతో ఒక జత ఉన్నాయి. మొన్న ఎల్ కనపడక రాత్రి పదకొండింటిదాకా ఇల్లంతా వెతికాం. ఉతికిన స్క్రబ్స్ జేబులో దొరికింది.