రెక్కాడితే గానీ చెయ్యాడదు

సాయంత్రం పూట చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట కాసేపు నిలబడండి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు బయటికొస్తూనే ముందు చేసే పని భుజాలు గిరగిరా తిప్పుకోవడం. మన ఆఫీసుల్లో లిఫ్టు దగ్గర కనిపించే దృశ్యమూ ఇదే. వాళ్ళ ముందు పుస్తకం, మన ముందు లాప్‌టాప్, అంతే తేడా.

గత ఏడాది నాకు కుడి భుజం పట్టుకుంది. నారాయణగూడలో బస్సెక్కి పైన రాడ్డు పట్టుకోవాలంటే ప్రాణం పోయేది. అశోక్‌నగర్‌లో ఒక ఫిజియోథెరపిస్టు గారి దగ్గరికెళితే, చొక్కా తీసి గోడవైపు తిరగమన్నారు. నొప్పి ముందుంటే ఈయన వీపు చూస్తారేంటి?

ఆయన చూసింది రెక్కని. అదేనండీ, వీపు మీద రెండువైపులా ముక్కోణంలా చేతికి తగిలే ఎముక. దీన్ని మొండేనికి కలిపే ఎముకల దారి మెడఎముక ఒక్కటే. మిగతా భారమంతా కండరాలదే, పదిహేడు కండరాలు దీన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. చెయ్యి పూర్తిగా పైకెత్తితే సుమారు 180 డిగ్రీలు. అందులో 120 భుజం కీలువి, 60 రెక్కవి. 1944లో ఇన్మన్ బృందం చెప్పిన లెక్క ఇది, మనిషి మనిషికీ కాస్త మారుతుంది. డొక్క పక్కనుండే సెరాటస్ యాంటీరియర్, వీపు మీది ట్రెపీజియస్ కలిసి రెక్కని పైకి తిప్పుతాయి. అవి సమయానికి పనిచెయ్యకపోతే రెక్క వీపు నుంచి పైకి లేచి కనిపిస్తుంది, లేదా భుజం చెవి దాకా ఎగిరిపోతుంది. దీనికి స్కాపులర్ డిస్కైనీసిస్ అని పెద్ద పేరు.

తర్వాత ఆయన నా రెక్క మీద చెయ్యేసి, అది తిరగాల్సిన వైపు మెల్లిగా తోస్తూ "ఇప్పుడెత్తండి" అన్నారు. నొప్పి సగం తగ్గింది! మందు లేదు, మిషను లేదు.

అంతకుముందు ఇంకోచోట ఇదే రెక్కని చూసి "ఎముక పక్కకి జరిగింది" అని బెదరగొట్టి, సిట్టింగుల ప్యాకేజీ ఒకటి చేతిలో పెట్టారు. అసలు ఈ టపా రాయడానికి కారణం అదే. రెక్క తేడాగా కదలడం రోగం కాదు. ఏ నొప్పీ లేనివాళ్ళలోనూ బోలెడుమందికి ఇలా ఉంటుంది. దీనిమీద పనిచేసిన కిబ్లర్ తదితరులు 2013లో ఇచ్చిన ప్రకటన కూడా దీన్ని గాయమనలేదు, పనితీరులో లోపమనే అంది. పైగా ఏది ముందో ఏది వెనకో తెలీదు. నొప్పి వల్లే రెక్క నడక మారొచ్చు. ఫ్రోజెన్ షోల్డర్‌లో, అంటే షుగరున్నవాళ్ళలో ఎక్కువగా చూసే దాంట్లో, కీలు బిగుసుకుపోతే ఆ పని కూడా రెక్కే నెత్తినేసుకుంటుంది. అక్కడ రెక్క దోషి కాదు, అదనపు డ్యూటీ చేస్తున్న పాపం పుణ్యం తెలియని ఉద్యోగి!

మన భాషలో చెప్పాలంటే ఇది ఎర్రర్ కాదు, వార్నింగ్. చక్కగా నడిచే ప్రోగ్రాంలోనూ వస్తుంది. దాన్ని సరిచేస్తే క్రాష్ ఆగుతుందా లేదా అన్నదే ప్రశ్న. రెక్కకి చెయ్యి సాయం పెట్టి చూడటం ఆ ప్రశ్న అడగడమే. తగ్గితే రెక్క వ్యాయామాల మీద ఆశ పెట్టుకోవచ్చు, తగ్గకపోతే వేరే చోట వెతకాలి.

నాకు చెప్పినవి మూడే. గోడకి చేతులానించి పుషప్‌లా చేసి చివర్లో ఇంకాస్త తొయ్యడం, రబ్బరు బ్యాండు వెనక్కి లాగడం, గుమ్మం పట్టుకుని ఛాతీ సాగదియ్యడం. వారాలు పట్టింది. రోజుల్లో తగ్గిస్తామనేవాళ్ళని నమ్మకండి.

అన్నట్టు, కింద పడ్డాక చెయ్యి లేవకపోయినా, తిమ్మిరి ఉన్నా, రాత్రిళ్ళు నొప్పి నిద్రపోనివ్వకపోయినా ముందు డాక్టరు. ఛాతీ బరువుతో, చెమటలతో ఎడమ భుజం లాగితే నేరుగా ఆసుపత్రికే.

మిగతావాళ్ళకి ఒక్కటే మాట. కుర్చీ, మౌసు, ఎమ్మారై గురించి అందరూ అడుగుతారు. మీ భుజం నొప్పికి ఎవరైనా మీ వీపు చూశారా? చూడకపోతే చూడమనండి. చూసి భయపెడితే మాత్రం లేచి వచ్చెయ్యండి.