ఏ మందులు వాడుతోంది?

మా పాప గౌను మీద, రొమ్ము దగ్గర, రూపాయి బిళ్ళంత తడి మరక చూసిన రోజు నా ఒళ్ళు చల్లబడిపోయింది. అప్పుడు తనకి పద్నాలుగేళ్ళు. ఆటిజం. మాటలు రావు. అప్పటికి నాలుగు నెలలుగా నెలసరి లేదు. "పోన్లే, నీకో చాకిరీ తప్పింది" అంటూ వచ్చిన మా అత్తగారు ఆ మరక చూసి ఏమీ అనలేదు. నా ముఖంలోకి చూశారు. ఇద్దరిదీ ఒకటే భయం. మాట రాని ఆడపిల్ల తనకేం జరిగిందో ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ రాత్రి స్కూలు వ్యాను డ్రైవరు నుంచి ఇంటికొచ్చే చుట్టాల దాకా అందరినీ మనసులో బోనెక్కించాను.

మర్నాడు గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మూత్రపరీక్ష చేయించి, గర్భం కాదని చెప్పి, అప్పుడడిగారు: "ఏ మందులు వాడుతోంది?"

రెండు. తల గోడకేసి కొట్టుకుంటోందని రెండేళ్ళ క్రితం ఒక డాక్టరు రిస్పెరిడాన్ రాశారు. అది పనిచేసింది, అబద్ధమెందుకు? నుదుటిమీద బొప్పులు తగ్గాయి. మేం ఊరు మారాక, గంటలకొద్దీ చేతులు కడుక్కుంటోందని ఇంకో డాక్టరు ఫ్లూఆక్సెటిన్ చేర్చారు. పిల్లల్లో అలాంటి లక్షణాలకి అమెరికాలో ఫ్లూఆక్సెటిన్‌ని 2003లో, రిస్పెరిడాన్‌ని 2006లో ఆమోదించారు. అయితే వేరువేరుగా. మా పాప ఒంట్లో అవి వేరువేరుగా లేవు.

బాలింతకి పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోనుని రిస్పెరిడాన్ పెంచుతుంది. అది పెరిగితే నెలసరి ఆగిపోవచ్చు, పాలూ రావచ్చు. రిస్పెరిడాన్‌ని విరిచే కాలేయపు ఎంజైముని ఫ్లూఆక్సెటిన్ అడ్డుకుంటుంది. మాత్ర అదే అయినా రక్తంలో మందు పెరుగుతుంది. రెండో మందు మొదలుపెట్టాక పాప ఒక్కచోట కూర్చోలేక ఇల్లంతా తిరిగేది. ఆ తిరుగుడు కూడా మందు వల్ల రావచ్చు. జబ్బు ముదిరిందనుకుని రిస్పెరిడాన్ మోతాదు ఇంకా పెంచారు.

ఇదంతా మా పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో తేదీలతో సహా ఉంది. నిద్ర, ఆకలి, నడక, నెలసరి. "తల్లులు మరీ కంగారు పడతారమ్మా" అని డాక్టరుగారు దాన్ని పక్కన పెట్టేశారు. ఆ సంగతులే మావారు చెబితే రాసుకున్నారు. గైనకాలజిస్టు ఉత్తరం, ప్రొలాక్టిన్ రిపోర్టు చూశాకే నా పుస్తకం తెరిచారు.

మందులు మనంతట మనం ఠక్కున మానేస్తే ఇంకో ప్రమాదం. డాక్టరు చూస్తుండగానే మెల్లగా తగ్గించాం. మూడు నెలలకి నెలసరి వచ్చింది. మరకైన గుడ్డలు ఉతుకుతూ ఏడ్చాను. నాకు చాకిరీ తిరిగొచ్చిందని అంత సంతోషం ఎప్పుడూ లేదు.

వ్యాను డ్రైవరు రోజూ "నమస్తే అమ్మా" అంటాడు. అతని కళ్ళలోకి నేనింకా సూటిగా చూడలేకపోతున్నాను.