తిరిగే ఇంటి తనిఖీ

అమెరికాలో పాత మోటార్‌హోమ్ బేరానికి వెళ్లేవాళ్లు ముందు ఓడోమీటర్ చూస్తారు. నాకు మాత్రం ముక్కు మీదే నమ్మకం. తలుపు తీయగానే ముక్కిన వాసన వస్తే ఎక్కడో నీళ్లు దిగినట్టే. లోపలంతా సెంటు గుబాళిస్తే అనుమానం ఇంకాస్త పెరుగుతుంది. నిచ్చెనెక్కి, పైకప్పు మీద ఏసీ చుట్టూ, అతుకుల వెంట సీలెంట్ పగిలిందేమో చూడాలి. మూలల్లో నేల అరికాలి కింద మెత్తగా దిగితే చెక్క కుళ్లిందన్నమాట. ఫైబర్‌గ్లాస్ గోడను పక్కనుంచి, ఏటవాలు ఎండలో చూడండి: పొర విడిన చోట అప్పడంలా ఉబ్బి ఉంటుంది. ఇంజను బాగుచేసే మెకానిక్ దొరుకుతాడు; ఈ గోడ జోలికి వెళ్తే ఖర్చుకు అంతుండదు.

టైర్లు నిగనిగలాడతాయి, తిరగని బండి కదా! టైరు పక్కన అచ్చేసిన డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు 2316 అయితే అది 2016లో 23వ వారం సరుకు. గాట్లు నిండుగా ఉన్నా రబ్బరుకు వయసు మీదపడుతుంది.

గ్యాస్ ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, ముందురోజే వేసి ఉంచమనాలి. జనరేటర్‌ను మాత్రం చల్లగా ఉన్నప్పుడు మనమే స్టార్ట్ చేయాలి. మనం వెళ్లేసరికే వేడెక్కి ఉంటే, ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయడమే.