చిన్న ఆపరేషన్

పిల్లలకు మాటల అర్థాలు చెప్పుకొని బతికేవాణ్ణి నేను. అయినా ఒక మాట దగ్గర బోల్తా పడ్డాను. ఆ మాట "చిన్న".

చిత్తూరులో మా బావకు బెల్లం మండీ ఉంది. ఆయనకు కామెర్లు వచ్చాయి. పదిహేను రోజులు పసరు మందు తాగాడు. కళ్ళు మరింత పచ్చబడ్డాయే గాని తగ్గలేదు. చివరికి స్కానింగు తీస్తే క్లోమం తలభాగంలో గడ్డ ఉందనీ, అది పిత్తనాళాన్ని నొక్కుతోందనీ తేలింది.

క్లోమమనే మాట ఎమ్మే తెలుగు చదివిన నాకు తెలుసు. ఆ వస్తువే తెలియదు. జీర్ణాశయం వెనక జానెడు పొడవున అడ్డంగా పడుకొని ఉంటుంది. తిన్నది అరిగించే రసమూ, ఇన్సులినూ అదే ఇస్తుంది.

"పొట్ట కొయ్యరు. అయిదారు చిల్లులు పెట్టి, కెమెరా దించి చేస్తారు" అన్నారు ఆసుపత్రిలో. నాకు ప్రాణం లేచొచ్చింది. తిరుపతి చేరగానే బెంగుళూరులో ఉన్న మేనల్లుడికి ఫోను చేశాను.

"చిన్న ఆపరేషనేరా. సెలవు పెట్టొద్దు. నేనున్నాను గదా!"

ముందురోజు సాయంత్రం సర్జను కాగితం మీద బొమ్మ గీశారు. క్లోమం తల, దాన్ని చుట్టుకొన్న చిన్నపేగు మొదలు, పిత్తాశయం తీసెయ్యాలి. మిగిలిన క్లోమాన్నీ, పిత్తనాళాన్నీ, జీర్ణాశయాన్నీ మళ్ళీ పేగుకు కుట్టాలి.

"చిల్లులే చిన్నవి మాస్టారూ! లోపల పని చిన్నది కాదు" అన్నారాయన.

విన్నాను. కాని మేనల్లుడికి మళ్ళీ ఫోను చెయ్యలేదు. అన్న మాట వెనక్కు తీసుకోవడానికి నామోషీ.

అయిదోనాడు క్లోమం కుట్టు దగ్గర రసం కారింది. ఆ రసం అన్నాన్నే కాదు, మన మాంసాన్నీ అరిగించగలదట. పొట్ట కోసి చేసినా ఇలా జరగవచ్చునట. జ్వరం, పక్కన గొట్టం, మూడు వారాల మంచం. అర్ధరాత్రి బస్సు దిగి వచ్చిన మేనల్లుడు తండ్రిని చూసి నా వైపు తిరిగాడు.

"మామా, చిన్నదన్నావే!"

తెలుగు నిఘంటువంతా వెతికినా నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. కోయంబత్తూరులో డాక్టర్ పళనివేలు బృందం 64 మంది మీద రెండు పద్ధతులనూ పోల్చి 2017లో ఫలితాలు ప్రకటించింది. చిల్లుల వాళ్ళు సాధారణంగా 7 రోజులు ఆసుపత్రిలో ఉంటే, కోత వాళ్ళు 13 రోజులు ఉన్నారు. హాలెండులో ఇలాంటి పరీక్షనే మధ్యలో ఆపేశారు. 2019లో వచ్చిన దాని లెక్క ప్రకారం చిల్లుల పద్ధతిలో 50 మందిలో 5గురు, కోత పద్ధతిలో 49 మందిలో ఒకరు పోయారు. అంటే గాయం ఎంతన్నది కాదు, చేసే చేతికి ఎంత అలవాటన్నదే ముఖ్యమని నాకు తోచింది.

బావ మళ్ళీ మండీలో కూర్చుంటున్నాడు. అన్నంతోపాటు అరుగుదల మాత్ర వేసుకోవాలి. వచ్చినవాళ్ళకు చొక్కా ఎత్తి, "ఇంతే కోత!" అని చూపిస్తాడు. అక్క మాత్రం లోపలికి వెళ్ళిపోతుంది.

మొన్న మా కాలేజీలో ఒకాయన, "మా ఆవిడకు అదే ఆపరేషనట. చిన్నదే గదండీ?" అన్నారు.

"మీ అబ్బాయిని పిలిపించండి" అన్నాను.